కాలేజీ చదువుతో పాటు పని: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకి లెక్కలతో సహా

నాగావళి గట్టు
సోమవారం, రాత్రి 8:40

మా పిన్ని కొడుకు ఎచ్చెర్ల వైపు ఇంజనీరింగ్ రెండో ఏడు. రూము శ్రీకాకుళంలో, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర. సాయంత్రాలు ఏదైనా పని చూసుకుంటానంటున్నాడు. నెలకి నాలుగు వేలు చేతికొస్తే అద్దె, మెస్సులో సగమైనా గట్టెక్కుతాయి. బట్టల కొట్టు, ఫుడ్ డెలివరీ, ట్యూషన్లు, ఈ మూడూ అందుబాటులో ఉన్నాయి. చదువుకి తక్కువ దెబ్బ తగిలేది ఏది? వారానికి ఎన్ని గంటల వరకూ ఫర్వాలేదు? తెలిసినవాళ్లు లెక్కలు వేసి చెప్తే మిగతా పిల్లలకీ పనికొస్తుంది. విజయనగరం సంగతులు కూడా రాయండి.

సిక్కోలు మాస్టారు
సోమవారం, రాత్రి 9:25

ఏ పని అన్నది తర్వాత చూద్దాం బాబూ. ముందు గంటలు లెక్కేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకి ఏడు గంటల నిద్ర తీసేస్తే 119. కాలేజీ రోజుకి ఏడు, ఆరు రోజులకి 42 పోతే 77. టౌన్ నుంచి ఎచ్చెర్ల రానూ పోనూ, బస్సు కోసం నిలబడే టైముతో కలిపి గంటన్నర వేయండి, వారానికి 9. మిగిలింది 68. స్నానం, తిండి, బట్టలు ఉతుక్కోవడం రోజుకి మూడు గంటలు, అంటే 21. ఇక 47 ఉన్నాయి. ఇంటి దగ్గర చదువు మామూలు రోజు రెండు గంటలు, ఆదివారం నాలుగు, మొత్తం 16. ల్యాబ్ రికార్డులు, అసైన్‌మెంట్లకి ఇంకో 6. చివరికి మిగిలేవి 25.

ఈ పాతికా పనికి రాసేస్తే మొదటి జ్వరానికే అంతా తలకిందులవుతుంది. పది గంటలు ఖాళీగా ఉంచాలి. అందుకే నేను వారానికి 15 గంటలు దాటొద్దంటాను. దారిలో పోయేదీ, పని ముగిశాక సర్దుడికి పోయేదీ కూడా ఆ పదిహేనులోనే.

రెండోది హాజరు. ఇంజనీరింగ్‌లో సెమిస్టర్‌కి పదహారు వారాలు, సుమారు 90 పనిదినాలు. రోజుకి ఏడు పీరియడ్ల చొప్పున 630. అందులో 75 శాతం అంటే 473 పీరియడ్లు ఉండాలి, పోగొట్టుకోగలిగినవి 157. చాలా ఎక్కువనిపిస్తుంది. రాత్రి ఆలస్యంగా పడుకుని రోజూ మొదటి పీరియడ్ ఒక్కటే తప్పినా 90 పీరియడ్లు పోయాయి, అంటే 14 శాతం పైన. వారానికి రెండు రోజులు మానేస్తే పదహారు వారాలకి 32 రోజులు. అప్పుడు హాజరు 65 లోపుకి దిగిపోతుంది. 65, 75 మధ్యలో ఉన్నవాళ్లు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి బయటపడొచ్చు. 65 దిగితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ జూనియర్లతో మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం హాజరు షరతు ఉంది. నాలుగు వేల కోసం వెళ్లి ఏడాది ఫీజు నెత్తిన వేసుకోకూడదు కదా.

డిగ్రీ వాళ్లకీ హాజరు గీత 75 దగ్గరే. పీరియడ్లు తక్కువ కాబట్టి గంటలు కొంచెం కలిసొస్తాయి, అంతే తేడా.

చంపావతి
సోమవారం, రాత్రి 9:52

మాస్టారు చెప్పిన దానికి మిడ్ పరీక్షల లెక్క కలుపుతాను. పని చేసే పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మన జేఎన్‌టీయూ పద్ధతిలో సబ్జెక్టుకి ఇంటర్నల్ 30, సెమిస్టర్ పరీక్ష 70. రెండు మిడ్‌లు పెడతారు. బాగా వచ్చిన మిడ్‌కి 80 శాతం, రెండోదానికి 20 శాతం వెయిటేజీ. మొదటి మిడ్‌లో 24, రెండో మిడ్‌లో 16 వస్తే 19.2, 3.2 కలిపి 22.4. రెండో మిడ్‌లో 6 మాత్రమే వచ్చినా 20.4. అంటే ఒక మిడ్ బాగా రాస్తే రెండోది పాడైనా పోయేది రెండు మార్కులే. రెండూ పాడైతే మాత్రం ఏ లెక్కా కాపాడదు.

మొదటి మిడ్ సెమిస్టర్ సగంలో, ఎనిమిదో వారం దాటాక వస్తుంది. రెండోది ఆఖర్లో, ల్యాబ్ పరీక్షలు, రికార్డు సబ్మిషన్లు, అన్నీ ఒకదానిమీద ఒకటి పడే వారాల్లో. కాబట్టి పని చేసేవాళ్లు మొదటి మిడ్‌ని గట్టిగా పట్టుకోవాలి. కొత్త పనిలో చేరడం, కొత్త బ్యాచ్ మొదలుపెట్టడం లాంటివి ఆ మిడ్ అయ్యాక పెట్టుకోవడం మంచిది. చాలామంది దీన్ని తిరగేస్తారు. సెమిస్టర్ మొదట్లో ఖాళీ కదా అని పని ఎక్కించుకుంటారు, మొదటి మిడ్ పోతుంది, రెండోదానికి టైము ఉండదు.

పాస్ అవ్వాలంటే 70కి 35 శాతం, అంటే 25 తెచ్చుకోవాలి, మొత్తం మీద 40 కావాలి. ఇంటర్నల్ 20 ఉన్నవాడికి పరీక్షలో 25 చాలు. 10 ఉన్నవాడికి 30 కావాలి. బ్యాక్‌లాగ్‌లు పేరుకుంటే రెండో ఏడు నుంచి మూడో ఏడుకి వెళ్లడానికి 40 శాతం క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) ఉండాలన్న నిబంధన అడ్డొస్తుంది. రెండో ఏడు అన్నారు కాబట్టి చెప్తున్నాను, మీ తమ్ముడికి ఇది ఈ ఏడాది సంగతే.

ఇజీనారం కుర్రాడు
సోమవారం, రాత్రి 10:10

ఇవన్నీ నిజమేగానీ, డెలివరీ అంత స్వేచ్ఛ వేరే పనిలో ఉండదు. యాప్ ఆన్ చేస్తే డ్యూటీ, ఆఫ్ చేస్తే ఇల్లు. మిడ్స్ వస్తే వారం ఆపేయొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. విజయనగరంలో అయితే కోట జంక్షన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్, రింగ్ రోడ్డు వరకూ అన్నీ దగ్గర దగ్గరే. నాలుగు గంటలు తిరిగితే 450 దాకా ఎక్కడికీ పోదు.

స్పానర్ సెట్
సోమవారం, రాత్రి 10:48

450 అన్నది స్క్రీన్ మీద కనపడే డబ్బు తమ్ముడూ. బండి తినేది అందులోంచి తీయాలి.

లీటరు 110 లెక్కన, బండి 45 మైలేజీ ఇస్తే కిలోమీటరుకి పెట్రోలు రెండు రూపాయల నలభై పైసలు పైన. మూడు వేల కిలోమీటర్లకోసారి ఇంజన్ ఆయిల్, ఇరవై వేలకి అటూ ఇటూ వెనక టైరు, చైన్ స్ప్రాకెట్, మధ్యలో బ్రేక్ షూలు, క్లచ్ కేబుల్, అన్నీ కలిపి యాభై పైసలకి తగ్గవు. ఇంచుమించు మూడు రూపాయలు వేసుకోండి. సాయంత్రం 50 కిలోమీటర్లు తిరిగితే 150 పోయినట్టే. ఆర్డర్ ఇచ్చాక హోటల్ దగ్గరికి ఖాళీగా తిరిగొచ్చే దూరం కూడా ఆ యాభైలో ఉంది, దానికి డబ్బులు రావు. చేతికి మిగిలేది 300. నాలుగు గంటలకి చూస్తే గంటకి 75.

చెడ్డదేం కాదు. చిక్కు ఎక్కడంటే ఇన్సెంటివ్‌లో. ఫలానా టైములో ఇన్ని ఆర్డర్లు పూర్తి చేస్తే అదనంగా ఇస్తామంటారు. ఆ టైము రాత్రి భోజనాల వేళే, శని ఆదివారాలే. తొమ్మిదిన్నరకి ఇంకో రెండు ఆర్డర్లు మిగిలి ఉంటే కుర్రాడు ఇంటికి పోడు. ఆ రెండింటి కోసం పదకొండవుతుంది. మాస్టారు చెప్పిన మొదటి పీరియడ్ అక్కడే పోతుంది. డెలివరీకి వెళ్లేవాడు ఇన్సెంటివ్ లేదనుకుని లెక్క వేసుకోవాలి, తొమ్మిదిన్నరకి యాప్ ఆఫ్ చేయాలి. ఇది చేయగలిగినవాడికి డెలివరీ ఫర్వాలేదు.

ఇంకోటి ఇన్సూరెన్స్. ఇంట్లో వాడే బండి పాలసీలో వినియోగ పరిమితులని ఒక పేరా ఉంటుంది, వ్యాపార సరుకు మోయకూడదని. ప్రమాదం జరిగినప్పుడు డెలివరీ బ్యాగు బండి మీద ఉందంటే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ తిరగ్గొట్టే ప్రమాదం ఉంది. చేరేముందు ఏజెంటుని అడిగి, ఆ వాడకానికి వర్తించేలా పాలసీ మార్పించుకోవాలి. కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా యాప్ ఆన్‌లో ఉన్నప్పుడే వర్తిస్తుందా, ఆర్డర్ చేతిలో ఉంటేనేనా అన్నది షరతుల్లో చదవాలి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 18 నిండిన ప్రతి కుర్రాడూ పెట్టుకోవాలి.

లైసెన్సు, ఆర్‌సీ, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా ఈ పనికి దిగొద్దు. స్నేహితుడి ఐడీ మీద తిరగడం అసలే వద్దు. ప్రమాదం జరిగితే బీమా ఐడీ ఉన్నవాడిది, దెబ్బలు నీవి.

నాగావళి గట్టు
మంగళవారం, ఉదయం 6:30

బండి లేదు మాకు. కొనాలంటే కిస్తీ. అయితే డెలివరీ పక్కన పెట్టేయొచ్చా?

స్పానర్ సెట్
మంగళవారం, ఉదయం 7:05

పెట్టేయండి. ఈ పని కోసం కిస్తీ మీద బండి కొంటే సంపాదనంతా కిస్తీకే పోతుంది. పరీక్షల నెలలో కూడా కిస్తీ ఆగదు కాబట్టి యాప్ ఆఫ్ చేసే స్వేచ్ఛ కూడా ఉండదు.

అరసవల్లి అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:15

ట్యూషన్ గురించి నేను రాస్తాను. మీరడిగిన నాలుగు వేలకి సరిగ్గా సరిపోయేది ఇదే అని నా గట్టి నమ్మకం.

ఎనిమిది మంది పిల్లలు, తలకి 500 అనుకుంటే నాలుగు వేలు. వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. పాఠం ఎనిమిది గంటలు, ముందు చూసుకోవడానికి రెండున్నర, నడకకి గంటన్నర. మొత్తం పన్నెండు. పదిహేనులో ఇంకా మూడు మిగిలాయి.

పిల్లల్ని ఎంచుకోవడంలోనే అంతా ఉంది. పదో తరగతి తీసుకోవద్దు. వాళ్ల పబ్లిక్ పరీక్షలు మార్చిలో. జనవరి నుంచి తల్లిదండ్రులు రోజూ రమ్మంటారు, ఆదివారం కూడా అడుగుతారు. అదే సమయంలో ఇంజనీరింగ్ రెండో సెమిస్టర్ మిడ్స్ వచ్చి పడతాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు తీసుకోండి. లెక్కలు, సైన్సు మాత్రమే చెప్తానని ముందే చెప్పండి. లేకపోతే హిందీ పద్యం నుంచి డ్రాయింగ్ వరకూ అన్నీ మీ మీదే పడతాయి.

ఒకే తరగతి పిల్లలు ఎనిమిది మంది దొరకడం కష్టం. రెండు తరగతులు కలిపితే పర్వాలేదు, మూడైతే ఎవరికీ ఏమీ అందదు. రెండు తరగతులున్నప్పుడు ఒక గుంపుకి ఇరవై నిమిషాలు చెప్పి లెక్కలిచ్చి, రెండో గుంపుకి తిరగాలి. సర్కారు బడుల పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి. పిల్లాడు తెలుగు పేజీ చూసి అర్థం చేసుకుని, జవాబు ఇంగ్లీషులో రాయలేక ఆగిపోతాడు. ట్యూషన్‌లో అసలు పని అక్కడే ఉంది. తెలుగులో చెప్పించి, ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు వాడి చేతే రాయించాలి. ఒక యూనిట్‌కి నాలుగైదు జవాబులు అలా రాయిస్తే బడిలో పెట్టే చిన్న పరీక్షల మార్కుల్లో తేడా కనిపిస్తుంది, తల్లిదండ్రులు ఇంకో ఇద్దరిని తీసుకొస్తారు.

ఫీజు నెల మొదట్లో, ఐదో తారీఖు లోపు. నెలాఖరున తీసుకుంటే ఒకరిద్దరు వేసవి సెలవులకి ముందు నెల ఎగ్గొడతారు. ఏడాదిలో మీ మిడ్స్‌కి నాలుగు సార్లు, సెమిస్టర్ పరీక్షలకి రెండు సార్లు సెలవు ఉంటుందని, ఆ తరగతులు ముందో వెనకో చెప్తానని మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఇలా రాసిచ్చిన వాళ్లతో ఏ తల్లీ గొడవ పడదు. మే నెలలో ఆదాయం ఉండదు, అది ముందే మనసులో పెట్టుకోవాలి.

చంపావతి
మంగళవారం, మధ్యాహ్నం 1:40

అక్కా, ఒక్క మాట. మొదటి సంవత్సరం వాళ్లకి మాత్రం నేను ట్యూషన్ కూడా వద్దంటాను. మొదటి సెమిస్టర్ మేథ్స్, ఫిజిక్స్‌లో జారితే ఆ బరువు నాలుగేళ్లూ మోయాలి.

అరసవల్లి అక్క
మంగళవారం, మధ్యాహ్నం 2:05

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. మిగతావాళ్లకి ఇద్దరు ముగ్గురు పిల్లలతో మొదలుపెడితే నష్టం లేదు. ఎవరికైనా చెప్పడం మొదలుపెడితే మనకి రాని చోటు తొందరగా తెలుస్తుంది.

గంటస్తంభం
మంగళవారం, సాయంత్రం 6:20

బట్టల కొట్ల గురించి ఎవరూ రాయలేదు. విజయనగరంలో గంటస్తంభం చుట్టూ, శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీద పిల్లలు ఎక్కువగా చేరేది వీటిలోనే. అడిగిన మర్నాడే పని దొరుకుతుంది.

షాపు వాళ్లు చెప్పే టైము ఐదు నుంచి తొమ్మిదిన్నర. అసలు టైము వేరే. ఒక ఇల్లాలు చీర కొనడానికి కూర్చుంటే ముప్పై నలభై చీరలు పరుస్తారు. ఆవిడ ఒకటి కొని వెళ్లాక మిగతావన్నీ మడత పాడవకుండా, అంచు పైకి కనపడేలా, రంగుల వరసలో మళ్లీ ర్యాకుకి ఎక్కించాలి. ఆఖరి బేరం తొమ్మిదింపావుకి మొదలైతే పది దాటుతుంది. రోజుకి ఐదు గంటలు, నెలకి 26 రోజులు, 130 గంటలు. జీతం ఐదు వేలనుకుంటే గంటకి 38 రూపాయలు. వారానికి లెక్కేస్తే 30 గంటలు, అంటే మాస్టారు చెప్పిన గీతకి రెట్టింపు. ఆ ఐదు గంటలూ నిలబడే ఉండాలి. ఇంటికొచ్చి పుస్తకం తీస్తే కళ్లు మూతలు పడతాయి.

దీన్ని కాస్త మార్చుకోవచ్చు. కొట్లకి శని, ఆదివారాల్లో, సీజన్‌లో మనుషులు తక్కువ పడతారు. రోజూ రాను, శనివారం సాయంత్రం, ఆదివారం పూర్తిగా వస్తానని మాట్లాడితే చాలామంది ఒప్పుకుంటారు. రోజు కూలీ లెక్క అడగాలి, నెల జీతం లెక్క వద్దు. అప్పుడు 13, 14 గంటల్లో సర్దుకుంటుంది.

సీజన్ చూసుకోండి. దసరా, దీపావళి ఒక ఊపు, విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమాను వరకూ ఊపిరాడదు. డిసెంబర్ మూడో వారం నుంచి సంక్రాంతి వరకూ రెండో ఊపు. అప్పుడు ఉదయం పది నుంచి రమ్మంటారు. మొదటి సెమిస్టర్ పరీక్షలు జరుగుతూనో, ఇప్పుడే అయిపోయో ఉంటాయి. పరీక్షలు అయిపోతే ఆ మూడు వారాలు గట్టిగా పని చేసి వచ్చిన డబ్బు రెండో సెమిస్టర్ ఖర్చుకి దాచుకోవడం చాలా మంచి పద్ధతి. అవ్వకపోతే సీజన్ వదిలేయాలి, మరో ఆలోచన వద్దు.

పదో తరగతి మెమో, ఇంటర్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఇవ్వమని అడిగే యజమానులున్నారు. ఇవ్వకూడదు. ఆధార్ జిరాక్సు మీద ఫలానా షాపులో పని కోసం అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేసి ఇవ్వండి.

పొందూరు నూలు
మంగళవారం, రాత్రి 8:15

క్యాటరింగ్ కూడా చెప్పాలి. డబ్బు ఆ రాత్రికే చేతిలో పడుతుంది, కడుపు నిండా భోజనం. అందుకే హాస్టల్ పిల్లలు ఎగబడతారు.

వడ్డన ఏడుకి మొదలై పదకొండుకి ఆఖరి బంతి లేస్తుంది. అక్కడితో అయిపోదు. బల్లలు మడవాలి, గంగాళాలు వ్యానుకి ఎక్కించాలి, ఆ వ్యానే మిమ్మల్ని ఊళ్లో దింపాలి. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే పొద్దున్న టిఫిన్లకి కూడా ఉండమంటారు. రూముకి చేరీసరికి రెండో మూడో అవుతుంది. మర్నాడు కాలేజీ పోయినట్టే. అందుకని శనివారం రాత్రి ఫంక్షన్లు మాత్రమే ఒప్పుకోవాలి. మేస్త్రీతో మూడు మాటలు ముందే తేల్చుకోవాలి: ఎన్ని పూటలు, తిరుగు బండి ఉందా, గిన్నెల పని మనదా వేరేవాళ్లదా.

కార్తీకం, మార్గశిరం, మళ్లీ వైశాఖం, పెళ్లిళ్లు ఎక్కువగా ఉండే నెలల్లో ఇవి కొన్ని. సెమిస్టర్ పరీక్షలూ తరచుగా వీటిలోనే పడతాయి. ఆషాఢం, పుష్యంలో పని ఉండదు. కాబట్టి ఇది నెలనెలా అద్దెకి ఆధారం కాదు, అదనపు ఖర్చుకి పనికొస్తుంది.

సాంబారు బక్కెట్టు మోసేటప్పుడు ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో బక్కెట్టు అంటారు. సగానికి మించి నింపనివ్వొద్దు. తడి నేల మీద రబ్బరు అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. కాళ్లు కాలిన కేసులు ఎక్కువగా నున్నటి చెప్పులవల్లే.

మహేంద్రతనయ
మంగళవారం, రాత్రి 9:00

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పని ఎంత బాగున్నా, రాత్రి తొమ్మిదిన్నరకి ముగిసి పల్లెవెలుగు బస్సు దొరక్కపోతే అది పని కాదు. ఆమదాలవలస, నరసన్నపేట, చీపురుపల్లి వైపు వెళ్లాల్సినవాళ్లు ఆఖరి బస్సు టైము చూసుకుని, దానికి అరగంట ముందు బయటపడే పని మాత్రమే ఒప్పుకోవాలి. సంక్షేమ హాస్టళ్లలో సాయంత్రం హాజరు వేస్తారు, గేటు టైము దాటిన పని కుదరదు. స్టూడెంట్ బస్ పాస్ ఇంటికీ కాలేజీకీ మధ్య రూటుకే పనిచేస్తుంది. షాపు ఆ దారిలో లేకపోతే టికెట్టు ఖర్చు మగపిల్లలు లెక్కలో వేసుకోవాలి, ఆడపిల్లలకి ఇప్పుడు పల్లెవెలుగులో ఛార్జీ లేదు.

పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. చిన్న షాపులైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి రాయొచ్చు. పార్ట్ టైం పిల్లలకీ ఆ హక్కు ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంకొకటి. ఇంజనీరింగ్, డిప్లొమాలో చేరిన ఆడపిల్లలు పని వెతికే ముందు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ చూడాలి. ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఒక ఇంట్లో ఇద్దరి వరకూ. ఇది వస్తే నెలకి నాలుగు వేల పైనే పడినట్టు, ఒక్క గంట పని చేయక్కర్లేదు. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కాలేజీ నుంచి వెరిఫికేషన్ అవ్వకుండా చివరి తేదీ దాటిపోయి పోయే దరఖాస్తులు చాలా ఉంటాయి. సబ్మిట్ చేశామని ఊరుకోకుండా ఆఫీసులో నోడల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, స్టేటస్ మారేవరకూ అడగాలి.

ఇజీనారం కుర్రాడు
మంగళవారం, రాత్రి 9:30

ట్రిపుల్ ఐటీలో క్యాంపస్‌లోనే ఉండేవాళ్లకి? బయటికి పంపరు కదా. ఆన్‌లైన్ డేటా ఎంట్రీ పనులు నిజంగా ఉన్నాయా?

బుదితి కంచు
మంగళవారం, రాత్రి 10:20

ఇంట్లో కూర్చుని టైపింగ్, నెలకి పాతిక వేలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి అన్నవన్నీ మోసాలే. పని ఇచ్చేవాడు డబ్బు అడగడు. అడిగాడంటే అక్కడితో ఆపేయాలి. ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, తప్పులొచ్చాయి, కోర్టు నోటీసు పంపుతామని బెదిరించే రకం కూడా ఉంది. భయపడి కట్టకండి.

టెలిగ్రామ్‌లో హోటళ్లకి రేటింగ్ ఇచ్చే టాస్కులు ఇంకో రకం. మొదట 150, 200 నిజంగానే ఖాతాలో వేస్తారు. తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ అంటారు, వెయ్యి కడితే పదమూడు వందలు. ఆ తర్వాత ఐదు వేలు, పది వేలు. ఎక్కువ మొత్తం పడ్డాక విత్‌డ్రా అవ్వదు. పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

అన్నిటికన్నా ప్రమాదం ఖాతా అద్దె. నీ పేరు మీద ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు, నెలకి మూడు వేలు అంటారు. ఆ ఖాతాలోంచి మోసం సొమ్ము తిరుగుతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల దగ్గరికే. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, స్కాలర్‌షిప్ దాంట్లో చిక్కుకుంటుంది, కేసు పడితే పాస్‌పోర్టూ ఉద్యోగ వెరిఫికేషనూ ఇరుక్కుంటాయి. ఇది పార్ట్ టైం పని కాదు, నేరం.

నిజమైన ఆన్‌లైన్ పని కావాలంటే తెలుగు డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని, నేర్చుకోండి. మన ప్రింటింగ్ ప్రెస్సులు ఇంకా పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల మీద నడుస్తున్నాయి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి ఆహ్వానాలు అన్నీ అందులోనే. యూనికోడ్ మాత్రమే వచ్చినవాడికి కన్వర్షన్‌లో వత్తులు, దీర్ఘాలు చెదిరిపోతాయి, కార్డు మీద పేరు తప్పు పడితే ఖర్చు మీదే. రెండూ నేర్చుకోవాలి. పేజీకి ఇంత అని మాట్లాడుకునేటప్పుడే రెండు ప్రూఫుల వరకూ ఉచితం, మూడోదానికి అదనం అని చెప్పాలి. లేకపోతే ఒక్క కార్డు మీద బంధువుల పేర్ల వరస ఏడు సార్లు మారుతుంది.

సిక్కోలు మాస్టారు
బుధవారం, ఉదయం 6:10

మంచి సంగతులొచ్చాయి. రెండు కలుపుతాను.

వేసవి మొత్తం పనికి రాసుకోవద్దు. బీటెక్ వాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ వేసవి సెలవుల్లోనే పడతాయి, వాటికి క్రెడిట్లున్నాయి. షాపు యజమానికి ఏప్రిల్, మే మొత్తం వస్తానని మాటిచ్చి, మధ్యలో ప్రాజెక్టు రిపోర్టుకి పరిగెత్తేవాళ్లు ఎక్కువ.

ఇంట్లో పరిస్థితి బట్టి రోజుకి ఎనిమిది గంటలు పని చేయక తప్పనివాళ్లు ఉంటారు. వాళ్లు రెగ్యులర్ కాలేజీలో పేరు పెట్టుకుని హాజరు కోసం కొట్టుకోవడం కంటే ఇగ్నోలోనో ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలోనో డిగ్రీ చేయడం నయం. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లలోపు పూర్తి చేయొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకి రాదు, అది చూసుకుని నిర్ణయించుకోవాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

నాగావళి గట్టు
బుధవారం, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. ఆరు, ఏడు తరగతుల ట్యూషన్, ఐదుగురితో మొదలు, మొదటి మిడ్ అయ్యాక. ఇలా అనుకున్నాం. నెలకి రెండు శనివారాలు బట్టల కొట్టు, సీజన్ కాని రోజుల్లో. ఇంకో రెండు ప్రశ్నలు. పాన్ కార్డు అవసరమా? పరీక్షల తేదీలు ఉన్నట్టుండి మారితే షాపు వాళ్లతో ఎలా మాట్లాడాలి?

బుదితి కంచు
బుధవారం, ఉదయం 8:00

ట్యూషన్‌కి, చిన్న షాపుకి వెంటనే అక్కర్లేదు. డెలివరీ, ఫ్రీలాన్స్ లాంటి కంపెనీ చెల్లింపులకి కావాలి. పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేటప్పుడు 20 శాతం కోసే వీలుంది. పాన్ ఉండి, ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే కోసినది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో చూస్తే ఎంత కోశారో కనిపిస్తుంది. ఆధార్ ఉంటే ఇన్‌స్టంట్ ఈ-పాన్ అదే పోర్టల్‌లో ఉచితంగా వస్తుంది, మధ్యవర్తికి డబ్బు ఇవ్వకండి. ఆధార్‌కి ఫోన్ నంబరు లింక్ అయి ఉండాలి.

గంటస్తంభం
బుధవారం, ఉదయం 8:35

తేదీల సంగతి నేను చెప్తాను. యూనివర్సిటీ టైం టేబుల్ వచ్చిన రోజే యజమానికి వాట్సాప్‌లో పంపాలి, నోటి మాట సరిపోదు. వారం ముందు రాను అన్నవాడిని ఎవరూ తప్పు పట్టరు. ఆ పూట ఫోన్ చేసి రాలేనన్నవాడిని మళ్లీ పిలవరు. బదులు మనిషిని చూపిస్తే ఇంకా మంచిది. ఒకే షాపుకి వేర్వేరు కాలేజీల పిల్లలిద్దరు జతగా మాట్లాడుకుంటే ఒకరి పరీక్షలప్పుడు ఇంకొకరు వెళ్లొచ్చు. డిగ్రీ, ఇంజనీరింగ్ పరీక్షలు ఒకే వారంలో పడటం తక్కువ.

మెసేజ్ ఇలా చాలు:

"నమస్కారం సార్. మా సెమిస్టర్ పరీక్షలు ఈ నెల 18 నుంచి వచ్చే నెల 4 వరకూ అని టైం టేబుల్ వచ్చింది, ఫోటో పంపుతున్నాను. 16వ తారీఖు శనివారం వస్తాను. తర్వాతి రెండు శనివారాలు రాలేను. ఆ రోజుల్లో మా స్నేహితుడు వస్తాడు, ఇంతకుముందు చీరల సెక్షన్‌లో చేశాడు, అతని నంబరు కింద ఇస్తున్నాను. ఈ నెలలో నేను చేసిన రెండు రోజుల కూలీ 16న తీసుకుంటాను."

చివరి వాక్యం తీసేయొద్దు. పరీక్షలకి వెళ్లి తిరిగొచ్చేసరికి పాత కూలీ లెక్క ఇద్దరికీ గుర్తుండదు.